చిత్రభాను ఉగాది నాటి నోటుబుక్కు: ఆరో ఫారం స్నేహితుల మీద తాతయ్య రాసిన పద్యాలు

కాలువగట్టు:
అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే గానీ రాయడం ఇదే మొదలు. మా నాన్నగారి నాన్న గోదావరి డెల్టాలో ఒక బోర్డు హైస్కూల్లో ఎస్సెల్సీ (అప్పటి స్కూలు ఫైనలు) చదివారు. ఆయన పోయి ఇరవై రెండేళ్లయింది. మొన్న సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు అటక మీది రేకుపెట్టె దించాం. అందులో మూడు దొరికాయి: ఆయన ఎస్సెల్సీ బుక్కు (మార్కులు రాసి ఇచ్చే పుస్తకం), అట్టకు అతికించిన గ్రూపు ఫోటో, ఒక సన్నటి నోటుబుక్కు.

నోటుబుక్కు అట్ట మీద "చిత్రభాను సంవత్సరాది, ఆరవ ఫారం మిత్రులకు" అని ఉంది. ఆరవ ఫారం అంటే అప్పటి హైస్కూల్లో ఆఖరి తరగతి. లోపల పేజీకో పద్యం. పేర్లు ఎక్కడా లేవు, పద్యం పైన అంకె ఒక్కటే. ఫోటో వెనక పెన్సిల్‌తో వరసలు గీసి అవే అంకెలు వేసుకున్నారు. ఫోటో కింద పేర్లు అచ్చు వేసిన పట్టీని చెదలు తినేశాయి. అంటే ఇప్పుడు నా దగ్గర ముఖాలున్నాయి, పద్యాలున్నాయి, పేర్లే లేవు. ముందుగా ఒక పద్యం పెడుతున్నాను. మూడో పాదంలో ఒక్క అక్షరం దగ్గర పురుగు తిన్న చిల్లు.

పడవ నెక్కి వచ్చు పంటకాలువమీద
గంట కొట్టు వేళ గడప దాటు
చద్ది మూట విప్ప ...దడే గదిలోన
ఆవకాయ పంచు నందరికిని

ఆ "దడే" కూడా సగమే కనబడుతోంది. "పండుగే" అయి ఉంటుందని నాన్న అంటున్నారు. ఇది ఏ సంవత్సరమో, ఆ మాట ఏమిటో చెప్పగలరా? వీటిని ఎలా దాచుకోవాలో కూడా చెప్పండి. ముట్టుకోవాలంటేనే భయమేస్తోంది.

పద్యప్రియ:
కాలువగట్టు గారూ, సంవత్సరం తేలికే. చిత్రభాను అరవై ఏళ్లకోసారి వస్తుంది: 1882, 1942, 2002. ఆరో ఫారం, గ్రూపు ఫోటో అంటున్నారు కాబట్టి మీది 1942. ఆ ఏడు ఉగాది మార్చి నడుమ వచ్చింది. స్కూలు వదిలిపోయే రోజులూ, సంవత్సరాదీ ఒకేసారి వచ్చాయన్నమాట. అందుకే అట్ట మీద ఆ మాట రాసుకున్నారు.

ఇక మాట సంగతి. ఇది ఆటవెలది అనే పద్యరీతి. ప్రతి పాదంలోనూ మొదటి అక్షరానికీ నాలుగో గణం (అక్షరాల జట్టు) మొదటి అక్షరానికీ యతి, అంటే ధ్వని పొంతన, కుదరాలి. "పడవ"కు "పంట", "గంట"కు "గడప" చక్కగా కుదిరాయి. మూడో పాదం "చద్ది" అని చకారంతో మొదలైంది. "పండుగే" గణానికి సరిపోతుంది గానీ చకారానికి పకారం యతి కాదు. చకారానికి సకారంతో మైత్రి ఉంది. కాబట్టి అది "సందడే". "చద్ది మూట విప్ప సందడే గదిలోన". పురుగు తిన్న అక్షరాన్ని ఛందస్సు దాచిపెట్టింది చూశారా!

ఇంకొక్క మాట. "గదిలోన" తరువాత పాదాన్ని "ఆవకాయ" అని అచ్చుతో మొదలుపెట్టారు. కట్టుదిట్టంగా దిద్దే మాస్టారైతే సంధి కలిపి "నావకాయ" అనమనేవారు. పదిహేడేళ్ల కుర్రాడికి ఆవకాయ ఆవకాయలాగే కనబడాలి కదా, నాకు ఇలాగే బాగుంది. మిగతావి కూడా పెట్టండి.

కాలువగట్టు:
పద్యప్రియ గారూ, మీరు రాసింది నాన్నకు చదివి వినిపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత "సందడే, సందడే" అని రెండుసార్లు అనుకున్నారు. ఆ పడవ కుర్రాడి గురించి ఒక్క ముక్క మాత్రం నాన్నకు గుర్తుంది: వేసవిలో కాలువలు కట్టేశాక పడవ నడవదు, అప్పుడు అతను గట్టు వెంబడి నడిచి వచ్చేవాడని తాతయ్య చెప్పేవారట.

ఫోటోలో ఇతను 4వ అంకె. రెండో వరసలో నిలబడ్డాడు, పంచె, పొడుగు చేతుల చొక్కా. పక్కనే 5. తలపాగా చుట్టుకున్న కుర్రాడు ఫోటో మొత్తంలో ఇతనొక్కడే. ఇతని పద్యం:

కోటు మామది, తలపాగ కోరి తెచ్చె
నవ్వు మాత్రము తనదియే నమ్ముడయ్య
లెక్క తప్పిన నేడ్వడు, లేచి మరల
చెరిపి మొదలిడు నుత్సాహచిత్తుడగుచు

ఫోటోలో ఇతని కోటు చేతులు వేళ్ల దాకా దిగి ఉన్నాయి. నవ్వు మాత్రం కనబడదు. ముఖం అలికినట్టు మసగ్గా ఉంది. మిగతా అందరూ స్పష్టంగా ఉన్నారు, ఇతనొక్కడే ఇలా. కాగితం పాడైందంటారా?

ఫోటోలపెట్టె:
పాడవలేదండీ, అతను కదిలాడు. నలభై ఏళ్లుగా పాత ఫోటోలు బాగుచేస్తున్నాను, ఇలాంటివి చాలా చూశాను. అప్పట్లో ఊళ్లలో గ్రూపు ఫోటో అంటే మూడుకాళ్ల మీద పెద్ద కెమెరా, లోపల గాజు పలక. ఫోటోగ్రాఫరు నల్లగుడ్డ కప్పుకుని తలకిందులుగా కనబడే బొమ్మను సరిచూసుకుని, బయటికొచ్చి, కటకం మీది మూత చేత్తో తీసి, లెక్కపెట్టి మళ్లీ మూసేవాడు. ఆ సెకనో రెండు సెకన్లో ఊపిరి బిగబట్టుకుని నిలబడాలి. పాత ఫోటోల్లో అందరూ కోపంగా ఉన్నట్టు కనబడటానికి సగం కారణం అదే, నవ్వును అంతసేపు కదలకుండా నిలపడం కష్టం. మీ 5వ నంబరు కుర్రాడు మూత తీసినప్పుడే నవ్వి ఉంటాడు. ఆ మసకే అతని నవ్వు.

దాచుకోవడం గురించి. ఫోటోను అట్ట నుంచి ఊడదీయకండి. చిరిగినచోట సెల్లోటేపు అంటించకండి, పదేళ్లకు ఆ జిగురు పసుపుపచ్చగా మారి ఫోటోలోకి దిగుతుంది. లామినేషన్ వద్దే వద్దు. ఎండ నేరుగా పడని కిటికీ పక్కన, ఫ్లాష్ లేకుండా ఫోన్‌తోనో కెమెరాతోనో నిటారుగా ఫోటో తీసుకోండి. నోటుబుక్కు తడి తగలకుండా చూడండి. సిరాబిళ్లలు నీళ్లలో కరిగించి రాసిన సిరా అయితే చుక్క నీటికే పారిపోతుంది. పేజీల మధ్య ఆమ్లం లేని పల్చటి కాగితం పెట్టి, మూత ఉన్న డబ్బాలో అడ్డంగా పడుకోబెట్టండి. ఆ రేకుపెట్టెలోకి మాత్రం మళ్లీ పెట్టకండి.

రైలుగేటు:
మాది తెనాలి. మా తాత కూడా 1942లోనే ఎస్సెల్సీ. ఆయన పద్యాలు రాయలా, నోటితో చెప్పేవాడు. గ్రూపు ఫోటో సావిట్లో గోడకుండేది. మంచం మీద పడుకుని ఒక్కొక్కణ్ణీ వేలితో చూపించి చెబుతుంటే మాకు కథలాగుండేది. "వీడు నిద్రలో కూడా ఎక్కాలు చెప్పేవాడురా", "వీడి దగ్గర చాకుండేది, క్లాసందరి పెన్సిళ్లూ వీడే చెక్కేవాడు", ఇట్టా.

ఒకతని దగ్గరకొచ్చేసరికి గొంతు మారిపోయేది. క్లాసులో అందరికన్నా నెమ్మదస్తుడంట, మాస్టారు పేరు పిలిస్తే కూడా లేచి నిలబడటమేగానీ నోరు తెరిచేవాడు కాదంట. ఆగస్టు 12న తెనాలిలో ఏం జరిగిందో మీకందరికీ తెలిసిందే. క్విట్ ఇండియా పిలుపొచ్చిన నాలుగోరోజు. స్టేషను తగలబడింది, పోలీసులు కాల్పులు జరిపారు, ఏడుగురు పోయారు. ఆ సాయంత్రం ఆ నెమ్మదస్తుడు కాళ్లకు చెప్పుల్లేకుండా, చొక్కా భుజం దగ్గర చిరిగి, వెనకదారిన మా తాత వాళ్ల దొడ్లోకొచ్చి బావి పళ్లెం మీద కూలబడ్డాడంట. మా ముత్తవ్వ చెంబుడు మజ్జిగిస్తే తాగి, "నేను అరిచానురా" అన్నాడంట మా తాతతో. అంతే. అంతకన్నా ఒక్క ముక్క చెప్పలేదంట.

మా ఊళ్లో రణరంగ చౌకులో ఆ ఏడుగురి స్మారకం ఉంది. మా తాత బతికున్నన్నాళ్లూ ఆగస్టు 12న పూలు పట్టుకుని వెళ్లేవాడు. నన్ను సైకిలు మీద ముందు కూర్చోబెట్టుకుని తీసుకెళ్లేవాడు.

విశాఖ ఒడ్డు:
రైలుగేటు గారూ, చదివి చాలాసేపు అలా కూర్చుండిపోయాను.

మా తాతగారి క్లాసుకు గ్రూపు ఫోటోయే లేదు. డబ్బులు పోగేశారట. ఫోటోగ్రాఫరుతో మాట్లాడుకున్నారట. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద, కాకినాడ మీద జపాను విమానాలు బాంబులేశాయి. ఊరు ఊరంతా ఖాళీ అయిపోయింది. మా వాళ్లు ఎడ్లబండి కట్టుకుని విజయనగరం వైపు ఒక పల్లెకు వెళ్లిపోయారు. ఎవరెటు పోయారో ఎవరికీ తెలియలేదు. యూనివర్సిటీయే గుంటూరు తరలిపోయిందంటే ఇంక స్కూలు పిల్లల మాటేమిటి?

ఆ పల్లెలో ఉన్నప్పుడు ఆయనొక కాగితం మీద క్లాసు గది గీశారు. బల్లలు, కిటికీలు, తలుపు, మాస్టారి కుర్చీ. ఒక్కో కుర్రాడు కూర్చునే చోట ఒక్కో మాట. ఆ కాగితం ఇప్పుడు నా దగ్గరుంది. "ఈల", "నిద్ర", "జీడిపప్పు", "సముద్రం వైపు చూపు", "అప్పు తీర్చలేదు (నేనే)", "పొట్టి, మంచి గొంతు". ఒక చోట ఏమీ రాయకుండా చిన్న చుక్క పెట్టి వదిలేశారు. ఎవరు తాతగారూ అంటే, "అక్కడ కూర్చున్నవాడు రోజూ మారేవాడమ్మా, ఆ బల్లకు ఒక కాలు విరిగి ఉండేది" అన్నారు. విరిగిన బల్లకూ చోటిచ్చారు ఆయన బొమ్మలో.

హనుమకొండ పిల్ల:
మీ అందరివి చదువుతుంటె మా తాత యాదికొస్తున్నడు. మా తాత హనుమకొండల చదివిండు, 1943ల మెట్రిక్ పాసయిండు. ఇంట్ల మాట్లాడేది తెలుగు, బడిల చదువు మొత్తం ఉర్దూల. లెక్కలు ఉర్దూల, చరిత్ర ఉర్దూల. ఆయనకు ఒక చిన్న ఆటోగ్రాఫు బుక్కుండె. బడి ఇడిసిపోయేటప్పుడు దోస్తులు రాసిచ్చిన మాటలన్ని అండ్లున్నయి. ఎక్కువ ఉర్దూల్నే ఉన్నయి. మాకెవ్వరికి సదవరాదు. మా గల్లీల ఒక పెద్దాయన ఉండె, ఆయనతోని సదివిచ్చి నేను తెలుగుల రాసుకున్న.

ఒకాయన రాసిండు: "వీడు జొన్నరొట్టె తినుకుంట లెక్కలు చేస్తడు, లెక్క తప్పితె రొట్టె మీద కోపం చూపిస్తడు." ఇంకొకాయన: "నా గొంగడి వీని కాడ్నే ఉన్నది, వానకాలం లోపల ఇయ్యాలె." ఒక్క పేజీల మాత్రం తెలుగు ఉన్నది. అక్షరాలు పెద్దగ, వంకర టింకరగ, అప్పుడప్పుడే నేర్చుకున్నట్టు. "నీ పేరు తెలుగుల రాసుడు నీ కాడ్నే నేర్చుకున్న. ఇది నీకే" అని. ఆయనది ముస్లిం ఇల్లు. మా తాత ఆ పేజీకి మైనపు కాయితం పెట్టుకున్నడు, తక్కిన యే పేజీకి పెట్టలే.

మా తాత వాళ్లకన్న ముందే, 1938 చివర్ల, ఉస్మానియాల వందేమాతరం పాడిండ్రని చానమంది పిలగాండ్లను ఎల్లగొట్టిండ్రు. వాళ్లల్ల చానమంది నాగపూర్ పోయి చదువు పూర్తి చేసిండ్రు, పీవీ నరసింహారావు గూడ అట్ల పోయినాయనే. మా తాత తరగతి పిలగాండ్లకు వాళ్లంటె పానం. అయినా ఆటోగ్రాఫు బుక్కుల అసొంటియి ఒక్కటి రాసుకోలె. గొంగడి, రొట్టె, ఇవ్వే రాసుకున్నరు.

కాలువగట్టు:
ఇంతమంది తాతలు ఒకే చోట చేరతారని నేననుకోలేదు. అక్కా, ఆ మైనపు కాగితం మాట చదివాక మా నోటుబుక్కు మళ్లీ మొదట్నుంచీ తిరగేశాను.

ఇవాళ పెట్టేది 9వ అంకె. ఫోటోలో ఒక్కతే అమ్మాయి. ముందు వరసలో మాస్టార్ల కుర్చీల చివర, కాస్త ఎడంగా వేసిన కుర్చీలో కూర్చుంది. ఆమె పేజీలో రెండు పాదాలే ఉన్నాయి.

ముందు బల్ల మీద మూలగా కూర్చుండు
బెదురు లేక చెప్పు బిగ్గరగను

కింద పేజీ అంతా ఖాళీ. కొట్టివేతలు కూడా లేవు. మిగతా పద్యాల్లో ఎన్నో కొట్టివేతలున్నాయి. కాగితం కరువు రోజులు కదా, అంచుల్లో కూడా చిత్తు రాసుకున్నారు. ఈ ఒక్క పేజీ శుభ్రంగా ఉంది.

పద్యప్రియ:
సగం ఆటవెలది. "ముందు"కు "మూలగా", "బెదురు"కు "బిగ్గరగను", యతులు తప్పలేదు. మిగతా రెండు పాదాలూ ఎవరైనా పూరిస్తారంటే నేనే పూరిస్తాను. మీరు సరేనంటేనే సుమండీ.

తులసికోట:
దయచేసి పూరించకండి మాస్టారూ. ఎందుకంటున్నానో చెబుతాను.

మా అమ్మ 1943లో ఎస్సెల్సీ ప్యాసయింది, మగపిల్లల హైస్కూల్లోనే, క్లాసుకు ఇద్దరాడపిల్లలు. మాస్టారు వచ్చేదాకా వరండాలో స్తంభం పక్కన నిలబడి, ఆయన వెనకే లోపలికెళ్లేవారట. గంట కొట్టాక ఆయన వెనకే బయటికి. మూడేళ్లు ఒకే గదిలో చదివినా మగపిల్లలు ఎవరూ అమ్మను పేరు పెట్టి పిలవలేదు, అమ్మా ఎవరితోనూ ముఖాముఖి మాట్లాడలేదు. అయినా వాళ్లందరి చేతిరాతలూ అమ్మకు తెలుసు. దిద్దిన నోటుబుక్కులు పంచేది ముందు బల్ల వాళ్లే కదా. "ఒకడి అక్షరాలు చీమలు బారులు తీరినట్టుండేవే, చూస్తే ముచ్చటేసేది. వాడి ముఖం మాత్రం ఇప్పుడు చూపించినా గుర్తుపట్టలేను" అనేది. వెనక బల్లల వాళ్లకు అమ్మ అంటే ఒక జడ, ఒక గొంతు.

మీ తాతయ్యకు కూడా ఆమె గురించి తెలిసింది ఆ రెండే అనిపిస్తోంది: ఎక్కడ కూర్చుంటుందో, గొంతెలా ఉంటుందో. పడవ కుర్రాడి ఆవకాయ ఆయన తిన్నారు, కోటు కుర్రాడి లెక్కలు పక్కన కూర్చుని చూశారు. ఆమె గురించి తెలియనిది కల్పించి రాయలేదు. తెలిసినంతా రాసి ఆపేశారు. ఆమె "బెదురు లేక" చెప్పేదన్న సంగతి గమనించారు చూడండి, అక్కడే ఆయన మీద నాకు గౌరవం కలిగింది. మా అమ్మ గురించి కూడా ఎవరో ఒకరు అంతమాత్రం గమనించి ఉంటే బాగుండుననిపించింది.

పద్యప్రియ:
తల్లీ, నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆ పద్యం పూర్తయిందే.

ఫోటోలపెట్టె:
ఎస్సెల్సీ బుక్కు సంగతి ఎవరూ అడగలేదు. అందులో గుర్తింపు కోసం పుట్టుమచ్చలు రాసే చోటుంటుంది. మీ తాతగారివి ఏమని రాశారు? ఊరికే కుతూహలం.

కాలువగట్టు:
"ఎడమ బుగ్గపై ఒక పుట్టుమచ్చ. కుడి మోకాలి కింద గాయపు మచ్చ" అని ఇంగ్లీషులో ఉంది. పుట్టినరోజు, ఫారం ఫారానికీ మార్కులు. లెక్కల్లో తక్కువ, తెలుగులో బాగా ఎక్కువ.

మీరడిగారు కాబట్టి ఒక సంగతి చెప్పాలి. ఫోటో వెనక పెన్సిల్ అంకెలు 1 నుంచి 23 దాకా వరసగా ఉన్నాయి. నోటుబుక్కులో మాత్రం 10 తరువాత 12. మొదట పేజీ చిరిగిందనుకున్నాను. కుట్టు విప్పకుండా చూశాను, ఎక్కడా చిరగలేదు. ఫోటోలో 11 ఎవరో భూతద్దం పెట్టి చూశాం. ఎడమ బుగ్గ మీద మచ్చ. చివరి వరసలో, బల్ల ఎక్కి నిలబడి, చేతులు కట్టుకుని. అందరి మీదా రాసి తనను వదిలేశారు. తన కోసం పేజీ కూడా అట్టిపెట్టుకోలేదు.

రాత్రి మా పెద్దత్తయ్యకు ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. ఆవిడకు డెబ్బై ఆరు, తాతయ్యకు మొదటి సంతానం. పద్యాలు నాకు రావురా, మామూలుగా చెబుతాను రాసుకో అంది. ఆవిడ చెబుతుంటే రాసుకున్నది ఉన్నదున్నట్టు కింద పెడుతున్నాను. కాగితం మీద రాసి, నోటుబుక్కుతో పాటు అదే డబ్బాలో పెట్టాను. పైన 11 అని వేశాను.

"మా నాన్నకు లెక్కలు రావు. పాలవాడి లెక్క కూడా అమ్మే చూసేది. ఎవరింటికైనా వెళ్తే తిరిగొచ్చాక వాళ్లేం మాట్లాడారో అచ్చం వాళ్లలాగే మాట్లాడి చూపించేవాడు, ఒక్కరినీ కించపరిచేవాడు కాదు. భోజనానికి కూర్చుంటే ఆవకాయ వేసుకుని మొదటి ముద్ద కలిపి కాస్త ఆగేవాడు. ఎందుకు నాన్నా అంటే ఏం లేదమ్మా అనేవాడు. మోకాలి కింద దెబ్బ కాలువ గట్టు మీద పరిగెత్తి పడితే తగిలిందట, పడవ అందుకోబోయి. రాసుకునేటప్పుడు పెదవులు కదిలేవి, వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకునేవాడు. లెక్కలు రాని మనిషి ఏం లెక్కపెడుతున్నాడా అని చిన్నప్పుడు నేను అనుకునేదాన్ని. రాత్రి పడుకోబోయే ముందు సిరాబుడ్డి మూత బిగించాడో లేదో రెండుసార్లు చూసుకునేవాడు."